మా చేతికి మా పిడి: నారపల్లి ప్రోగ్రామర్ల ప్రణాళిక

ముందు ఒక చిన్న లెక్క.

తెలంగాణలో 33 జిల్లాలు. వాటి పేర్లు ఎక్సెల్ షీటులోంచి తెచ్చి ప్రోగ్రాములో పెట్టాలి. ఒక్కో పేరుకి ముందొక కోట్, వెనకొక కోట్, ఆ పక్కన కామా. మా గదిలో ఒక తమ్ముడు ఈ పనిలో పడితే వెనక నిలబడి చూశాం. హోమ్, కోట్, ఎండ్, కోట్, కామా, కింది బాణం. ఆరు నొక్కులు. మళ్లీ హోమ్, కోట్, ఎండ్. ఆదిలాబాద్ హుషారుగానే అయింది. హన్మకొండ దగ్గర ఒక కోట్ తప్పితే వెనక్కి వెళ్లి దిద్దుకున్నాడు. యాదాద్రి భువనగిరికి వచ్చేసరికి మొహం వాడిపోయింది. తప్పుల్ని వదిలేసినా 33 ఇంటూ 6, మొత్తం 198 నొక్కులు.

ఆ తర్వాత అదే ఫైలుని విమ్ అనే ఎడిటర్‌లో తెరిచాం. క్యూ, ఏ నొక్కాం. అంటే, ఇప్పటినుంచి నేను చేసేది గుర్తుపెట్టుకో అని. పెద్ద ఐ, కోట్, ఎస్కేప్. పెద్ద ఏ, కోట్, కామా, ఎస్కేప్. జె నొక్కి కింది వరుసకి దిగాం. మళ్లీ క్యూ, ఇక చాలు అని. పదకొండు నొక్కులు. ఆపైన 3, 2, యాట్ గుర్తు, ఏ. ఇంకో నాలుగు. మిగిలిన 32 జిల్లాలు కళ్లముందే కోట్లు తొడుక్కున్నాయి. మొత్తం 15. షిఫ్టుని రెండువైపులా లెక్కలోకి తీసుకోలేదు.

"ఏముందన్నా, రెండు నిమిషాల పనే కద" అన్నాడు తమ్ముడు. నిజమే, రెండు నిమిషాలే. కానీ ఆ పని అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, "ఇంతకీ ఈ లిస్టు ఏ ఫంక్షన్ కోసం పెడ్తున్న?" అని తననే అడుక్కున్నాడు. మా ఫిర్యాదు ఆ ప్రశ్న మీద. పోగు తెగితే నేతగాడు అతుకేసుకుంటాడు, మగ్గం మళ్లీ ఆడుతుంది, గుడ్డలో ముడి మాత్రం ఉండిపోతుంది. ప్రోగ్రాము రాసేవాడి ఆలోచన కూడా పోగే. చెయ్యి అడ్డంపడ్డ ప్రతిసారీ తెగుతుంది.

ఈ కాగితం రాస్తున్నది ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద వచ్చే నారపల్లిలో, అద్దె గదుల్లో, తల్లిదండ్రుల ఇళ్ల పైఅంతస్తుల్లో ఉండే కొందరం. ఘట్‌కేసర్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివేవాళ్లు సగం. పోచారం క్యాంపస్‌కి వెళ్లేవాళ్లు కొందరు. ఉప్పల్లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా పోయి వచ్చేవాళ్లు ఇంకొందరు. మా గుంపుకి పేరు పెట్టలేదు. పేరు పెడితే లోగో కావాలి, లోగో పెడితే టీషర్టు కావాలి, ఆ తర్వాత అసలు పని ఎవరికీ గుర్తుండదు.

మా రోడ్డు సంగతి తెలిసిందే. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. అప్పుడు ఇంటర్ చదివినవాళ్లు బీటెక్ పాసై ఉద్యోగాల్లో చేరేదాకా కూడా స్తంభాల కిందనుంచే, గుంతల్లోంచే తిరిగారు. రోడ్డు మీద పోయే టైముకి మేం చేయగలిగింది లేదు. కీబోర్డు మీద పోయే టైము మాత్రం మా చేతుల్లోనే ఉంది. దాన్ని కూడా ఎవరో వచ్చి బాగుచేస్తారని కూర్చోవడం మాకే సిగ్గనిపించింది. ఈ ప్రణాళిక అక్కడ పుట్టింది.

ఎడిటర్ అంటే ఏమిటో మాకెవరూ చెప్పలేదు. మాలో కాస్త పెద్దవాళ్లకి మొదటి ఎడిటర్ టర్బో సి. నీలం తెర, పసుపు అక్షరాలు. బోర్లాండ్ కంపెనీ దాన్ని 1987లో తెచ్చింది. దానికి ప్రాణం పోసిన డాస్ చచ్చిపోయినా, డాస్‌బాక్స్‌లో పెట్టి మరీ మా ల్యాబుల్లో నడిపించారు. ఎడిటర్‌ని మార్చొచ్చని ఆ నీలం తెర ముందు ఎవరికీ తట్టలేదు. ల్యాబులో కంప్యూటర్ మనది కాదు, కుర్చీ మనది కాదు, ప్రోగ్రాము కూడా రికార్డులోంచి చూసి కొట్టేదే. ఎక్స్‌టర్నల్ వచ్చి అవుట్‌పుట్ చూస్తాడు, వైవాలో రెండు ప్రశ్నలడిగి సంతకం పెడతాడు. నువ్వెలా రాశావన్నది ఎవరికీ పట్టదు. తర్వాత అమీర్‌పేట కోచింగుకి పోతే అక్కడ ప్రొజెక్టర్ మీద సార్ ఏ ఎడిటర్ తెరిస్తే అదే మన ఎడిటర్. ఉద్యోగంలో చేరిన రోజు కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఏది ఉంటే అది. పెళ్లికూతురిని కూడా ఇంతకంటే ఎక్కువసార్లే అడుగుతారు, నచ్చిందా అని.

అదే నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేతు మీద నిలబడే మనిషిని చూడండి. పొద్దున వస్తూనే టూల్ బిట్ తీసి గ్రైండర్ మీద తన కోణానికి సాన పట్టుకుంటాడు. ఒకే రకం పీసు యాభైసార్లు చెయ్యాల్సి వస్తే, ప్రతిసారీ కొలుచుకోకుండా ముందు ఒక జిగ్ చేసుకుంటాడు. ఆ జిగ్ చెయ్యడానికి గంట పట్టినా సూపర్‌వైజర్ ఏమీ అనడు. పక్కవాడి టూల్ ముట్టుకోడు, తనది ముట్టుకోనివ్వడు. అతని చదువు మాకంటే తక్కువ, జీతమూ తక్కువే. పనిముట్టు మీద అతనికున్న హక్కు మాత్రం మాకు లేదు.

ఇదే వరంగల్ రోడ్డు మీద ఇంకొంచెం ముందుకి పోతే ఆలేరు. ఆ పక్కన శారాజీపేట. బడి మధ్యలోనే మానేసిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేది. పోచంపల్లి చీరకి రంగులద్దే ముందు, అర్ధవృత్తంలో నిలబెట్టిన కొయ్యల చుట్టూ పోగుని తిప్పాలి. ఒక చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకి రెండు చీరలైతే 18,000 సార్లు. భుజం పట్టేసేది. కొడుకు 1992లో మొదలుపెట్టాడు. యంత్రం గురించి చదువుకున్నవాడు కాదు. ముక్క ముక్కగా, డబ్బు దొరికినప్పుడల్లా కట్టుకుంటూ పోయాడు. ఒక కదలిక దగ్గర ఆగిపోతే, హైదరాబాదు బాలానగర్‌లో పనికి పోయినచోట ఒక యంత్రం తిరిగే తీరు చూసి ఆ ముడి విప్పాడు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది, దానికి తల్లి పేరే పెట్టాడు. అంతకుముందు నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకి దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది.

మల్లేశం పేరు మేం అలంకారానికి తలుచుకోలేదు. ఆయన పని తీరే మాకు పాఠం. ఆయన కొత్త చీర కనిపెట్టలేదు. మగ్గాన్ని పక్కకి నెట్టలేదు. అమ్మ చెయ్యి ఎన్నిసార్లు ఆడుతోందో ముందు చూశాడు. ఎక్కడ నొప్పి పుడుతోందో అక్కడొక్కచోటే యంత్రం పెట్టాడు. నేత నేతలాగే ఉంది. ఎడిటర్‌ని మార్చుకోవడమంటే మాకు తెలిసిన అర్థం ఇదొక్కటే.

పరాయి దేశపు కథ కూడా ఇలాగే మొదలైంది. 1970లలో అమెరికాలో ఎమ్‌ఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో టెకో అనే ఎడిటర్ ఉండేది. ఎవరికి వారు దానికి మాక్రోలు రాసుకున్నారు. చివరికి ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో తెలియని స్థితి వచ్చింది. అప్పుడు గై స్టీల్ ఆ మాక్రోలన్నిటినీ పోగుచేసి ఒక దారికి తెచ్చే పని మొదలుపెట్టారు, రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని పూర్తిచేశారు. 1976లో పుట్టిన ఆ పోగు పేరే ఈమాక్స్. స్టాల్‌మన్ 1985లో గ్నూ ప్రణాళిక (మేనిఫెస్టో) ప్రచురించారు, గ్నూ ఈమాక్స్ బయటికొచ్చింది కూడా అదే ఏడాది. ఎవరి చేతికి వారు మార్చుకోవడం, మార్చుకున్నది పదిమందికీ పంచడం. ఈ రెండూ అప్పట్నుంచీ జంటెద్దులే. మా బండిక్కూడా వాటినే కట్టాం.

అదే 1976లో బర్క్లీలో బిల్ జాయ్ వీఐ ఎడిటర్ రాశారు. ఆయన ముందున్నది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్. దాని కీబోర్డు మీద బాణాలకి వేరే మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీదే బాణం బొమ్మలు ఉండేవి. అందుకే ఈనాటికీ వీఐ వారసుడైన విమ్‌లో జె నొక్కితే కిందికి దిగుతాం. ఆ టెర్మినల్లో ఎస్కేప్ మీట ఇప్పటి ట్యాబ్ ఉన్నచోట, చిటికెన వేలికి అందేలా ఉండేది. కంట్రోల్ ఉన్నచోట ఇప్పుడు క్యాప్స్ లాక్ కూర్చుంది. అంటే, ఆయన తన చేతికింద ఉన్న మీటల్ని బట్టి అల్లుకున్న పద్ధతిని, మనం మీటలు మారిపోయిన కీబోర్డు మీద వాడుతూ "అబ్బ, ఈ ఎస్కేప్ ఎంత దూరమో" అని విసుక్కుంటున్నాం. తాత చెప్పులు మనవడికి కరుస్తున్నాయి.

కాబట్టి మా మొదటి తీర్మానం: క్యాప్స్ లాక్‌ని తీసేసి ఆ స్థానంలో కంట్రోల్‌నో ఎస్కేప్‌నో పెట్టుకుంటాం. తెలుగువాడికి క్యాప్స్ లాక్‌తో పనేంటసలు? మన లిపిలో పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ లేవు. అ ఎప్పుడూ అ-నే. పాస్‌వర్డు తప్పు పడినప్పుడు తప్ప ఆ మీట గుర్తుకురాదు. కీబోర్డు నడి వరుసలో అంత మంచి జాగా దానికి ఉచితంగా ఇచ్చేశాం.

విమ్ గురించి ఇంకో మాట. దాన్ని బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేశారు, 2023 ఆగస్టులో కన్నుమూసేదాకా చూసుకున్నారు. వాడుకునేవాళ్లని ఆయన కోరిందల్లా, వీలైతే ఉగాండాలో అనాథ పిల్లలకి సాయం చెయ్యమని. అంత మంచి మనిషి చేసిన ఎడిటర్‌లోకి వెళ్లినవాళ్లకి బయటికి రావడం తెలియదని లోకమంతా నవ్వుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో "విమ్‌లోంచి ఎలా బయటపడాలి" అన్న ప్రశ్నని 2017కే పది లక్షలసార్లు చూశారు. మన ఊళ్లో చెప్పాలంటే అభిమన్యుడి కథ. పద్మవ్యూహంలోకి పోవడం కడుపులో ఉండగానే విన్నాడు, రావడం వినలేదు. కాబట్టి మా దగ్గరికి వచ్చినవాళ్లకి ముందు బయటికి దారి చూపిస్తాం. ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. ఆ తర్వాతే లోపలికి.

ఆ లోపల ఉన్నది ఒక భాష. సి, ఐ, కోట్ అని మూడు మీటలు నొక్కితే కోట్ల మధ్య ఉన్నదంతా చెరిగి కొత్తది రాయడానికి చోటు తయారవుతుంది. డి, ఐ, బ్రాకెట్ నొక్కితే బ్రాకెట్ల మధ్యది పోతుంది. సి అంటే మార్చు, డి అంటే తీసెయ్. అవి క్రియలు, తర్వాతివి కర్మలు. క్రియ ముందు, కర్మ తర్వాత. ఇంగ్లిషు వాక్యం నడక అది. "తిను అన్నం" అన్నట్టుంటుంది మనకి. అందుకేనేమో మాలో కొందరికి విమ్ ఎంతకీ నాలుకెక్కలేదు. కకూన్, హెలిక్స్ అనే తర్వాతి ఎడిటర్లలో వరస తిరగబడింది. ముందు ఏది మార్చాలో పట్టుకుంటాం, అది తెర మీద వెలుగుతుంది, ఆ తర్వాత ఏం చెయ్యాలో చెబుతాం. అన్నం తిను. కోట్ల మధ్యది మార్చు. అచ్చ తెలుగు వాక్యం! వాటిని తయారుచేసినవాళ్లకి తెలుగు తెలిసి ఉండదు, అది వేరే సంగతి. కానీ మా గుంపులో ఒక అక్క హెలిక్స్ పట్టుకున్న రెండో వారానికే విమ్‌వాళ్లతో పోటీపడింది. ఏ ఎడిటర్ గొప్పదన్న తగువు మాకొద్దు. ఎవరి తలలో వాక్యం ఎలా కూర్చుంటుందో వాళ్లు చూసుకోవాలి.

విజువల్ స్టూడియో కోడ్ వాడేవాళ్లే మాలో ఎక్కువమంది. అందులో తప్పేమీ లేదు. 2015లో వచ్చింది, మా జూనియర్లకి ఊహ తెలిసేసరికే ఉంది. మొదట్లో చెప్పిన జిల్లాల పని అందులో ఒకేసారి 33 కర్సర్లు పెట్టి చెయ్యొచ్చు. వరుసలన్నీ సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఆల్ట్, ఐ కలిపి నొక్కితే ప్రతి వరుస చివరా ఒక కర్సర్ నిలబడుతుంది. ఆ మాట తెలియకుండా రెండేళ్లు దాన్నే వాడినవాళ్లు మాలో ఉన్నారు. దాని పుణ్యమే ఇంకోటుంది. 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అని ఒక ఒప్పందం బయటికొచ్చింది. అంతకుముందు ప్రతి ఎడిటర్‌కీ ప్రతి భాషా విడిగా నేర్పాలి. ఐదు ఎడిటర్లు, పది భాషలైతే యాభై పనులు. ఇప్పుడు భాషకొక సర్వర్, ఎడిటర్‌కొక గుమ్మం, మొత్తం పదిహేను చాలు. కాబట్టి తెలివైన ఎడిటర్ కావాలంటే ఫలానాదే వాడాలన్న బలవంతం పోయింది.

ఇక మేం చేసేదేంటి?

ప్రతి ఒక్కరూ కీబోర్డు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుంటారు. కాగితందే, పది రూపాయలది. పని మధ్యలో చెయ్యి ఎక్కడ విసుక్కుందో అందులో ఒక గీత గీస్తారు. "ఫైలు వెతకడానికి మౌస్ పట్టుకున్న." "అదే ప్రింట్ స్టేట్‌మెంట్ మళ్లీ కొట్టిన." "టెర్మినల్‌కి పోయి వచ్చేసరికి ఏ వరుసలో ఉన్నానో మర్చిపోయిన." వారం చివర గీతలు లెక్కపెడతారు. ఎక్కువ గీతలు పడ్డది ఏదో అదొక్కటే ఆ వారం మార్చాలి. ఒక్కటే. రెండోది ఎంత నోరూరించినా వచ్చే వారమే. చెయ్యి కొత్త దారి నేర్చుకోవడానికి వారమైనా పడుతుంది. ఒకేసారి పది దారులు చూపిస్తే చెయ్యి పాత దారికే పోతుంది, సైకిలు నేర్చుకునేవాడు చూసిన గుంతలోకే పోయినట్టు.

ఆ మార్పు సెట్టింగుల ఫైలులో రాసినప్పుడు, దాని పైన ఎందుకు పెట్టామో తెలుగులో ఒక వాక్యం రాయాలి. ఇది మా దగ్గర తప్పని నియమం. తెలుగు వాక్యం లేని సెట్టింగుని ఆదివారం అందరూ కూర్చుని తీసేస్తాం. ఇంగ్లిషులో రాస్తే ఏమవుతుందని మొదట్లో వాదన నడిచింది. ఇంగ్లిషులో ఎవరూ రాయరు, ఇంకొకరి ఫైలులోంచి దించుకుంటారు. కామెంటుతో సహా. తెలుగులో రాయాలంటే అర్థమై తీరాలి.

తెలుగు అనగానే ఎడిటర్‌కి అసలు పరీక్ష మొదలవుతుంది. స్త్రీ అన్న అక్షరం తీసుకోండి. మన కంటికి ఒకటే. యూనికోడ్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. డిస్కు మీద 18 బైట్లు. చాలా ఎడిటర్లలో బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం పోదు, గుడి దీర్ఘం ఒక్కటే ఊడుతుంది. టెర్మినల్ సంగతి ఇంకా ఘోరం. అది ప్రతి అక్షరానికీ ఒకే కొలత గడి ఇస్తుంది, మన ఝ-ని ఆ గడిలో ఇరికించబోయి పక్క గడిని తొక్కుతుంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని స్తంభింపజేసింది గుర్తుందా? ఆపిల్ కంపెనీ దానికోసం అప్‌డేట్ తేవాల్సివచ్చింది. జ్ఞానం భారమే మరి.

మేం నేర్చుకున్నవి కొన్ని చెబుతాం, మిగతావి కూర్చున్నప్పుడు. ఫాంటు జాబితాలో ముందు మీకు నచ్చిన ఇంగ్లిషు మోనోస్పేస్ ఫాంటు, కామా పెట్టి నోటో సాన్స్ తెలుగు. కోడ్ మొదటిదానితో, కామెంటు రెండోదానితో వస్తాయి. వరుసల మధ్య ఎత్తు 1.7కి పెంచండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస తలకట్లని గుద్దుకుంటాయి. ఈమాక్స్ వాడేవాళ్లకైతే తెలుగు టైపుకి కంట్రోల్, బ్యాక్‌స్లాష్ చాలు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్, తెలుగు ఐట్రాన్స్ రెండూ అందులోనే ఉన్నాయి, ఏదీ దించుకోనక్కర్లేదు. ఇదంతా మా గొప్ప కాదు. తెలుగు టైపుకి లేఖిని తయారుచేసిన వీవెన్ లాంటివాళ్లు, లినక్స్‌ని తెలుగులోకి తెచ్చిన స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు దున్ని పెట్టిన పొలంలోనే మేం విత్తనాలు చల్లుతున్నాం.

ఒక దెబ్బ మాత్రం మా సొంతంగా తిన్నాం. పైథాన్ మూడో తరంలో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టొచ్చు. సరదాకి ఒక ప్రోగ్రాము మొత్తం అలా రాశాం. మార్కులు అన్న పేరు పనిచేసింది. మార్క్‌లిస్ట్ అన్నది పనిచేయలేదు. కంటికి తప్పేమీ లేదు. గంటసేపు చూశాం, స్పెల్లింగు మార్చాం, ఫైలు కొత్తగా తెరిచాం. చివరికి ఎర్రర్‌ని నిదానంగా చదివితే తెలిసింది, క్ పక్కన లి కింద వత్తుగా దిగిపోకుండా ఆపే సున్నా వెడల్పు అక్షరం ఒకటి అక్కడ దాక్కుని ఉంది. రాసింది మనమే, కంటికి మాత్రం కనిపించదు. ఆ రోజు ఎడిటర్‌కి ఒక్క వరుస నేర్పాం: ఆ దొంగ ఎక్కడ కనిపించినా ఎర్ర గడి గీయి. దానిపైన కామెంటు ఇలా ఉంది: "గంట పోయింది, మళ్లీ పోకూడదని." మా నియమానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

చెయ్యనివి కూడా చెప్పాలి. మాలో ఒకరు, ఎవరో కాదు ఈ కాగితం రాస్తున్నవాడే, ఫైనలియర్ ప్రాజెక్టు ఇవ్వాల్సిన వారంలో రెండు రాత్రులు రంగుల థీములు వెతుకుతూ కూర్చున్నాడు. గోధుమరంగు నలుపా, నీలి నలుపా? అరవై ప్లగిన్లు వేసుకున్నాడు. మూడో రాత్రి ఒకటి అప్‌డేట్ అయింది, ఇంకోటి దానితో గొడవపడింది, ఎడిటర్ తెరుచుకోలేదు. ప్రాజెక్టు నోట్‌ప్యాడ్‌లో పూర్తయింది. పెళ్లి పందిరి వేస్తూ వేస్తూ ముహూర్తం మర్చిపోవడం అంటే అదే. అందుకే థీముల గురించి ఆదివారం సమావేశంలో మాట్లాడకూడదన్నాం. కళ్లు మండితే అక్షరం పెద్దది చేసుకోండి, నలభై దాటిన అన్నలు మొదట మార్చేది అదే. ప్లగిన్ వేసుకునే ముందు అది ఎవరు రాశారో, చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారో చూడాలి. మీరు చదవగలిగే ప్రతి ఫైలునీ అదీ చదవగలదు. ఇంటి తాళం చెవి చేతికిచ్చేముందు మొహమైనా చూడరా?

ఉద్యోగంలో ఉన్నవాళ్ల ఇబ్బంది వేరు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏదీ వేసుకోనివ్వరు. దానికి మా జవాబు, ఎడిటర్‌లో పుట్టుకతో ఉన్నవాటిని ముందు నేర్చుకోండి. సగం నొప్పులకి మందు అక్కడే ఉంటుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్‌లోకి దిగాల్సి వస్తే అక్కడ దొరికేది వీఐ ఒక్కటే కావచ్చు. అది చేతిలో ఉంటే మేలు. టీమ్ లీడ్‌తో తగువు వచ్చే చోటు కూడా ఒకటుంది. మీరు ట్యాబు పెడతారు, ఆయన స్పేసులు. ఒక్క ఫంక్షన్ మార్చి ఫైలు సేవ్ చేస్తే ఎడిటర్ మొత్తం ఫైలుని సర్దేస్తుంది, రివ్యూలో 400 వరుసలు ఎర్రగా కనిపిస్తాయి. ఇక్కడ మా గీత స్పష్టంగా ఉంది. ఫైలులో జాడ మిగిల్చే సెట్టింగు టీముది, అందరికీ ఒక్కటే ఉండాలి, దాన్ని ప్రాజెక్టులోనే ఒక ఫైలుగా పెట్టాలి. చేతిలో మాత్రమే ఉండేది మీది, దాని జోలికి ఎవరూ రాకూడదు.

"ఏఐ కోడ్ రాస్తుంటే ఎడిటర్ గోల ఎందుకన్నా?" అని జూనియర్లు అడుగుతున్నారు. నాలుగు వరుసలు అడిగితే నలభై వరుసలు పడే రోజులివి. ఆ నలభై చదవాలి, అందులో ఏది ఎక్కడినుంచి పిలుస్తోందో దూకి చూడాలి, పనికిరానిది కోసెయ్యాలి. రాయడం తగ్గింది, దిద్దడం పెరిగింది. దిద్దేవాడికి కత్తెర పదునుండాలా, రాసేవాడికా?

ఎడిటర్‌ని మార్చుకుంటూ ఎంతవరకు పోవచ్చు అని అడిగేవాళ్లకి టీవీ రామన్ పేరు చెబుతాం. చూపులేని శాస్త్రవేత్త. తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు తెర మీద ఏముందో అది చదువుతాయి తప్ప, ప్రోగ్రాములో ఏది కామెంటో ఏది ఫంక్షనో వాటికి తెలియదు. ఈమాక్స్‌కి ఆ సంగతి తెలుసు. కాబట్టి ఆయన ఈమాక్స్‌నే మాట్లాడించారు. 1995లో ఈమాక్‌స్పీక్ విడుదలైంది. ఒక మనిషి తన చెవికి సరిపోయేలా ఎడిటర్‌ని తిప్పుకుంటే అది ఎందరికో దారి అయింది. రాబోయే రోజుల్లో తెలుగు కామెంట్లని తెలుగులోనే చదివి వినిపించే ఏర్పాటు మేం చెయ్యాలనుకుంటున్నాం. ఎప్పటికవుతుందో మాటివ్వం. మా ఊరి ఫ్లైఓవర్ చూసి నేర్చుకున్న బుద్ధి అది.

సెట్టింగుల ఫైళ్ల పేర్లు చాలావరకు చుక్కతో మొదలవుతాయి, మామూలుగా చూస్తే కనిపించవు. మా చుక్క ఫైళ్లన్నీ ఒకేచోట, అందరికీ కనిపించేలా గిట్‌లో పెడుతున్నాం. ఎవరైనా చూడొచ్చు. మొత్తం ఫైలు దించుకుని వాడకండి, పక్కవాడి కళ్లజోడు పెట్టుకున్నట్టుంటుంది. ఒక్కో వరుసా, దాని పైన తెలుగు వాక్యం చదివి, మీ నోటుబుక్కులో అదే గీత ఉంటేనే తీసుకోండి.

ఆదివారం పొద్దున ఏడింటికి, నారపల్లి భాగ్యనగర్ నందనవనం పార్కులో కూర్చుంటాం. విమ్ వాళ్లు, ఈమాక్స్ వాళ్లు, కోడ్ వాళ్లు, ఇంకా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వదలని వాళ్లు, అందరూ రావచ్చు. మొదటి గంట ఒకరి వెనక ఒకరు నిలబడి చూడటమే, మాట్లాడకూడదు. ఎవరి చెయ్యి ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసివ్వాలి. ల్యాప్‌టాప్ రాత్రే ఛార్జింగ్ పెట్టుకోండి, చెట్ల కింద ప్లగ్గులుండవు. నోటుబుక్కు మర్చిపోతే గేటు దగ్గర అన్నని అడగండి, ఒక కట్ట కొనిపెట్టాం.